ముద్ద ఎందుకు దిగదు: అన్నవాహిక పొరలో రోగనిరోధక వాపు

గొంతు కింద ముద్ద ఆగినట్టు అనిపిస్తే మన ఇళ్లలో ముందుగా వినిపించే మాట 'గ్యాస్‌'. మెడికల్‌ షాపు నుంచి ఒక అట్ట గ్యాస్‌ ట్యాబ్లెట్లు తెచ్చుకుని పరగడుపున వేసుకోవడం అందరికీ తెలిసిన వైద్యమే. చాలామందికి దాంతో సర్దుకుంటుంది. కొందరికి మాత్రం ఏళ్లు గడిచినా ముద్ద అలాగే తట్టుకుంటూ ఉంటుంది. ఈ కొందరిలో ఒక వర్గానికి తంటా తెచ్చేది కడుపులోంచి ఎగదన్నే యాసిడ్‌ కాదు, సొంత రోగనిరోధక వ్యవస్థ. అది అన్నవాహిక లోపలి పొరలో వాపు రేపుతుంది, పొర బిగువును సడలిస్తుంది, పట్టించుకోకపోతే కొన్నేళ్లకు గొట్టాన్నే బిరుసెక్కిస్తుంది.

ఈ సంగతి వైద్యశాస్త్రానికి స్పష్టంగా తెలిసి ముప్పయ్యేళ్లు దాటింది. ఈలోగా పరిశోధకులు కణాలను లెక్కపెట్టారు, జన్యువులను జల్లెడ పట్టారు, రోగుల చేత పాలూ గోధుమలూ మాన్పించి చూశారు, ఒక్కో రసాయన సంకేతాన్ని అడ్డుకునే మందులు తయారుచేశారు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఈ జబ్బుకు పేరు తెచ్చిన కణం వేరు, జబ్బును నడిపించే శక్తులు వేరు. ఇన్నాళ్లూ లెక్కంతా పొరలోకి చొరబడ్డ కణాల చుట్టూ తిరిగింది. రోగి కష్టాన్ని తేల్చేది మాత్రం ఆ పొర, దాని అడుగునున్న గోడ ఏ స్థితిలో ఉన్నాయన్నదే.

ఖాళీగా ఉండాల్సిన చోటు

పెద్దవాళ్లలో అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే కండర గొట్టం. దాని లోపలి పొర చర్మానికి దగ్గరి చుట్టం. కణాలు వరస మీద వరసగా పేర్చి ఉంటాయి. అడుగు వరసలో పుట్టిన కణం మెల్లగా పైకి జరుగుతూ చదునై, చివరికి రాలిపోతుంది. చర్మానికి ఉన్న ఎండిన పైకవచం మాత్రం దీనికి ఉండదు, ఎప్పుడూ తడిగా మెత్తగా ఉంటుంది. వేడి కాఫీ, ఊరగాయ కారం, సరిగా నమలని ముక్క, ఏది వచ్చినా కొద్ది సెకన్లలో కిందికి సాగనంపడమే దీని పని. తిన్నదాన్ని పీల్చుకునే బాధ్యత దీనికి లేదు కాబట్టి కణాల మధ్య సందులు బాగా బిగిసి ఉంటాయి.

ఇక ఇసినోఫిల్‌ సంగతి. ఇది ఒక రకం తెల్ల రక్తకణం. 1879లో జర్మన్‌ శాస్త్రవేత్త పాల్‌ ఎర్లిచ్‌ దీన్ని వర్ణించాడు. ఇయోసిన్‌ అనే రంగును ఇష్టంగా పట్టుకుని ఎర్రగా మెరుస్తుంది కాబట్టి ఆ పేరు. లోపలి రేణువుల్లో విషపూరితమైన ప్రొటీన్లు నింపుకుని నులిపురుగుల లాంటి పరాన్నజీవుల మీద, అలర్జీల్లో మన సొంత కణజాలం మీద కూడా గుమ్మరిస్తుంది. కడుపు నుంచి పెద్దపేగు దాకా ఈ కణాలు కొద్దోగొప్పో మామూలుగానే కాపురం ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక పొరలో మాత్రం సాధారణంగా కనిపించవు. అందుకే అక్కడ ఇవి గుంపులుగా కనిపించాయంటే ఎవరో పిలిచారని అర్థం.

మన దగ్గర తుమ్ములూ ఆయాసం ఉన్నవాళ్లు 'ఇస్నోఫీలియా ఉంది' అని చెప్పుకోవడం మామూలే. అది రక్తంలో ఈ కణాలు పెరగడం. అన్నవాహికలో ఇవి కిక్కిరిసి ఉన్నప్పుడు కూడా రక్త పరీక్షలో సంఖ్య మామూలుగా ఉండవచ్చు. రక్తంలో పెరిగినంత మాత్రాన అన్నవాహికలో ఉన్నట్టూ కాదు. రక్తం చూసి ఈ జబ్బును నిర్ధారించడం కుదరదు.

ఎలా బయటపడింది

అన్నవాహిక పొర పాడైందంటే కారణం యాసిడే అన్న భావన 1935లో ఆషర్‌ వింకెల్‌స్టైన్‌ రాసిన వ్యాసంతో బలపడింది. ఆ నీడ ఎంత దట్టమైనదంటే, 1982లో పిల్లల అన్నవాహికలో ఇసినోఫిల్స్‌ కనిపించినప్పుడు కూడా వాటిని యాసిడ్‌ ఎగదన్నడానికి గుర్తుగానే లెక్కేశారు. 1978లోనే ఒక రోగి అన్నవాహికలో ఇసినోఫిల్స్‌ నిండి ఉన్నాయని ఒక నివేదిక వచ్చింది, అది విడి సంఘటనగా మిగిలిపోయింది.

మలుపు 1993లో వచ్చింది. స్టీఫెన్‌ ఆట్‌వుడ్‌, ఆయన సహచరులు మింగుడు పడని 12 మంది పెద్దవాళ్లను వర్ణించారు. వాళ్ల పొరలో ఇసినోఫిల్స్‌ దండిగా ఉన్నాయి, యాసిడ్‌ కొలతలు మాత్రం దాదాపు అందరిలో మామూలుగా ఉన్నాయి. మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లో అలెక్స్‌ స్ట్రామన్‌ బృందం అలాంటివాళ్లనే మరో 10 మందిని చూపించింది. 1995లో అమెరికాలోని జాన్స్‌ హాప్‌కిన్స్‌ వైద్యులు అసలు ముడి విప్పారు. యాసిడ్‌ మందులకు లొంగని 10 మంది పిల్లలకు మామూలు తిండి ఆపి, ప్రొటీన్ల బదులు విడి అమైనో ఆమ్లాలే ఉన్న ప్రత్యేక పానీయం ఇచ్చారు. ఎనిమిది మందికి లక్షణాలు పూర్తిగా పోయాయి, ఇద్దరికి తగ్గాయి, పొరలో ఇసినోఫిల్స్‌ దాదాపు మాయమయ్యాయి. పాత తిండి మళ్లీ పెట్టగానే బాధలూ తిరిగొచ్చాయి. తిండిలోని ప్రొటీనే నిప్పు రాజేస్తోందనడానికి ఇంతకన్నా తేటతెల్లమైన రుజువు అక్కర్లేకపోయింది.

2007లో మొదటి ఉమ్మడి మార్గదర్శకాలు వచ్చాయి. 'ఇసినోఫిలిక్‌ ఈసోఫజైటిస్‌' ప్రత్యేకమైన జబ్బుగా స్థిరపడింది. అప్పటినుంచి దీన్ని గుర్తించడం ఏటేటా పెరుగుతోంది. వెతకడం పెరిగినందువల్ల కొంత, జబ్బు నిజంగానే పెరిగినందువల్ల కొంత. ఇది ఎక్కువగా లెక్క తేలింది ఉత్తర అమెరికా, ఐరోపాల్లో. 2019లో వెలువడిన ఒక సంకలన విశ్లేషణ లక్ష జనాభాకు సుమారు 34 మంది అని తేల్చింది. ఆడవాళ్లకన్నా మగవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. రోగుల్లో చాలామందికి ఉబ్బసమో, ముక్కు అలర్జీయో, గజ్జి లాంటి ఎగ్జిమానో తోడుగా ఉంటుంది.

పొరలో జరిగేది

పాలలోనో గోధుమలోనో ఉన్న ప్రొటీన్‌ తగలగానే పొర కణాలే ముందుగా కేక వేస్తాయి. టీఎస్‌ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్‌-33 అనే ప్రమాద సంకేతాలను విడుదల చేస్తాయి. వాటిని అందుకున్న టి-కణాలు అలర్జీ బాట పట్టి ఇంటర్‌ల్యూకిన్‌-4, 5, 13 అనే మూడు రసాయనాలను కుమ్మరిస్తాయి. వీటిలో ఐదో నంబరుది ఎముక మజ్జలో ఇసినోఫిల్స్‌ను తయారుచేయించి బతికిస్తుంది. పదమూడో నంబరుది పొర కణాల మీదే పనిచేస్తుంది. దాని ప్రభావంతో ఆ కణాలు ఈయోటాక్సిన్‌-3 అనే పిలుపు రసాయనాన్ని తయారుచేస్తాయి. 2006లో సిన్సినాటిలోని మార్క్‌ రోథెన్‌బర్గ్‌ ప్రయోగశాల రోగుల పొరలో ఏ జన్యువులు ఎంత మోగుతున్నాయో కొలిచినప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా పెరిగి కనిపించింది ఈ ఈయోటాక్సిన్‌-3 జన్యువే. అంటే ఇసినోఫిల్స్‌ను రప్పించేది పొరే.

ఇంటర్‌ల్యూకిన్‌-13 అంతటితో ఆగదు. కణాన్ని కణంతో పట్టి ఉంచే డెస్మోగ్లీన్‌-1, పొరకు బిగువునిచ్చే ఫిలాగ్రిన్‌ లాంటి ప్రొటీన్ల తయారీ పడిపోతుంది. అడుగు వరస కణాలు అదుపు తప్పి పెరుగుతాయి, అవి పక్వానికి వచ్చి పైకి చేరడం మాత్రం దెబ్బతింటుంది. ఇటుకల మధ్య సున్నం రాలిపోయిన గోడలా కణాల నడుమ సందులు తెరుచుకుంటాయి. ఆ సందుల్లోంచి తిండి ప్రొటీన్లు మరింత లోతుకు దిగుతాయి, మరిన్ని కేకలు, మరింత వాపు. ఒకసారి మొదలైతే తనను తానే నడుపుకునే చక్రం ఇది.

ఈ వాపు వేరే అవయవంలో కాక ఇక్కడే ఎందుకు? దీనికి కొంత జవాబు జన్యువుల్లో దొరికింది. 2010లో ఐదో క్రోమోజోమ్‌ మీద టీఎస్‌ఎల్‌పీ ఉన్న చోటు, 2014లో రెండో క్రోమోజోమ్‌ మీద కాల్‌పెయిన్‌-14 ఉన్న చోటు ఈ జబ్బుతో ముడిపడి ఉన్నాయని తేలింది. టీఎస్‌ఎల్‌పీ అన్ని రకాల అలర్జీల్లోనూ కనిపించేదే. కాల్‌పెయిన్‌-14 మాత్రం ప్రధానంగా అన్నవాహికలో పనిచేసే ఎంజైమ్‌, అదీ ఇంటర్‌ల్యూకిన్‌-13 తగిలితే పెరిగేది. అలర్జీ గుణం ఒంటి నిండా ఉన్నా దెబ్బ ఈ గొట్టం మీద ఎందుకు పడుతుందో దీనితో కొంత అర్థమవుతుంది.

జన్యువులే అంతా కాదు. కవలల మీద జరిగిన అధ్యయనంలో ఒకే అండం నుంచి పుట్టినవాళ్లలో ఒకరికి జబ్బు ఉంటే రెండోవారికీ ఉండే అవకాశం నూటికి 41గా, వేర్వేరు అండాల కవలల్లో 22గా తేలింది. మామూలు తోబుట్టువుల్లో ఇది రెండు మూడుకు మించదు. వేర్వేరు అండాల కవలలు జన్యుపరంగా మామూలు తోబుట్టువుల లాంటివాళ్లే. అయినా ఇంత తేడా ఉందంటే ఒకే కడుపులో, ఒకే సమయంలో, ఒకే పరిసరాల్లో పెరగడం ఎంత బలమైనదో ఊహించవచ్చు. పసితనంలో యాంటీబయోటిక్స్‌ వాడటం, సిజేరియన్‌ కాన్పు జబ్బు ముప్పును పెంచే అంశాలుగా పదేపదే కనిపిస్తున్నాయి. కడుపులో హెలికోబ్యాక్టర్‌ పైలోరీ సూక్ష్మజీవి ఉన్నవాళ్లలో జబ్బు తక్కువగా కనిపిస్తోంది. అది నిజంగా కాపాడుతోందా, లేక బాల్యంలో మట్టితో, సూక్ష్మజీవులతో పరిచయానికి అది ఒక గుర్తు మాత్రమేనా అన్నది తెగలేదు.

ఇంకో విషయం తెలుసుకోవాలి. వేరుశనగ తినగానే దద్దుర్లు, ఆయాసం వచ్చే అలర్జీకీ దీనికీ దారులు వేరు. అక్కడ ఐజీఈ అనే యాంటీబాడీదే పెత్తనం, నిమిషాల్లో తేలిపోతుంది. ఇక్కడ వాపు రోజులూ వారాలూ తీసుకుని పేరుకుంటుంది. ఐజీఈని అడ్డుకునే ఒమాలిజుమాబ్‌ మందు ఈ జబ్బులో పనిచేయలేదు. చర్మం మీద గుచ్చి చేసే అలర్జీ పరీక్షలు కూడా ఏ ఆహారం కారణమో నమ్మకంగా చెప్పలేవు. ఆ పరీక్షల కాగితం చూసి పది పదార్థాలు మానేసేవాళ్లు ఉత్తినే కడుపు మాడ్చుకుంటున్నట్టే.

పొర కింద బిగిసేది

వాపు పైపొరతో ఆగితే ఇబ్బంది తక్కువ. ఏళ్ల తరబడి కొనసాగితే పొర కింది కణజాలంలో మచ్చ పేరుకుంటుంది. టీజీఎఫ్‌-బీటా అనే సంకేతం కొల్లాజెన్‌ పోగుపడేలా చేస్తుంది. సాగి ముద్దకు దారివ్వాల్సిన గోడ బిరుసెక్కుతుంది. ఎండోస్కోపీ చేసే డాక్టర్‌కు ఇది కంటికే కాదు, చేతికీ తెలుస్తుంది. గొట్టం పొడవునా నిలువు గాడులు, అడ్డంగా ఒకదాని కింద ఒకటి వలయాలు, ఫంగస్‌ అని పొరపడేలా తెల్లటి చుక్కలు, పాలిపోయి ఉబ్బిన పొర, మామూలుగా కనిపించాల్సిన రక్తనాళాల గీతలు మాయం. బయాప్సీ కోసం చిన్న పట్టకారుతో ముక్క గిల్లితే ఆరోగ్యమైన పొర తేలిగ్గా ఊడి వస్తుంది. ఈ రోగుల్లో పొర లోపలికి లాగి పట్టుకున్నట్టు మొండికేస్తుంది. కొందరిలో గొట్టం సన్నబడి, స్కోపు దూరేటప్పుడే పలచని కాగితంలా చీరుకుపోతుంది. మరికొందరిలో చూపుకు అంతా మామూలుగానే ఉంటుంది, ముక్కల్లో మాత్రం జబ్బు బయటపడుతుంది.

కాలం ఇక్కడ ఎంత కీలకమో 2013లో స్విట్జర్లాండ్‌ నుంచి వచ్చిన లెక్క చెబుతుంది. 200 మంది రోగుల్లో, లక్షణాలు మొదలైన రెండేళ్లలోపు జబ్బు బయటపడినవాళ్లలో గొట్టం సన్నబడింది నూటికి 17 మందికి. ఇరవయ్యేళ్లు దాటాక బయటపడినవాళ్లలో అది 71. అన్నవాహిక ఎంతవరకు సాగుతుందో బెలూన్‌తో కొలిచే పరీక్ష ఇంకో కనువిప్పు. సాగే గుణం తగ్గినవాళ్లలోనే ముద్ద ఇరుక్కునే ముప్పు ఎక్కువని తేలింది. పొరలో ఎన్ని ఇసినోఫిల్స్‌ ఉన్నాయన్న లెక్క ఆ ముప్పును చెప్పలేకపోయింది.

రోగులు ఏళ్ల తరబడి డాక్టర్‌ దగ్గరికి రాకపోవడానికి ఒక కారణం ఉంది. వాళ్లు ఇబ్బందికి అలవాటుపడిపోతారు. పెళ్లి భోజనంలో అందరి విస్తళ్లూ ఖాళీ అవుతుంటే ఒకరు ఇంకా రెండో వడ్డనలోనే ఉంటారు. పప్పన్నం చిన్న చిన్న ముద్దలు చేసి, ప్రతి ముద్దకూ గుక్కెడు నీళ్లు తాగుతుంటారు. మాంసం ముక్కను చాలాసేపు నములుతారు, ఎండు చపాతీని, గారెను పక్కకు నెడతారు, అన్నంలో చారో మజ్జిగో ఎక్కువ పోసుకుంటారు, పెద్ద మాత్రను విరిచి వేసుకుంటారు. అడిగితే 'మింగడానికి నాకేం బాధ లేదు' అంటారు. తెలిసిన డాక్టర్లు అందుకే మింగగలుగుతున్నారా అని కాకుండా, ఎలా తింటున్నారని అడుగుతారు. ఏదో ఒకరోజు మాంసం ముక్క పూర్తిగా అడ్డుపడి, లాలాజలం కూడా దిగక ఆసుపత్రికి పరుగెత్తాక కానీ చాలామందికి విషయం తెలియదు. పసిపిల్లల్లో తీరు వేరు. తిండి వద్దని మారాం, తరచూ వాంతులు, బరువు పెరగకపోవడం. బడి ఈడు పిల్లల్లో కడుపునొప్పి ఎక్కువ.

యాసిడ్‌ కథా మారింది

రోగనిరోధక వాపు ఈ ఒక్క జబ్బుకే పరిమితమా? యాసిడ్‌ ఎగదన్నడం వల్ల వచ్చే పుండ్లను ఇన్నాళ్లూ సూటిగా జరిగే రసాయన దహనంగా చూశారు. యాసిడ్‌ పైకణాలను కాలుస్తుంది, గాయం పైనుంచి లోపలికి దిగుతుంది అన్నది పాఠ్యపుస్తకాల మాట. అమెరికాలోని డల్లస్‌ పరిశోధకులు రోండా సూజా, స్టూవర్ట్‌ స్పెక్లర్‌ బృందం 2009లో ఎలుకల్లో దీన్ని పరీక్షించి వేరే చిత్రం చూపించారు. 2016లో మనుషుల్లోనూ చూశారు. మందులతో పుండ్లు మానిన 12 మంది రోగుల చేత మందు ఆపించి, రెండు వారాల పాటు పొరను గమనించారు. పైకణాలు రాలకముందే లోతు పొరల్లో టి-లింఫోసైట్‌ కణాలు పోగయ్యాయి, అడుగు వరస కణాలు దట్టమయ్యాయి. అంటే యాసిడ్‌, పైత్యరసం తగిలిన పొర కణాలు సంకేత రసాయనాలు విడిచి రోగనిరోధక కణాలను రప్పిస్తాయి, గాయంలో పెద్ద వాటా వాటిదే. అధ్యయనం చిన్నదే, అయినా దారి ఒకటే: అక్కడా పొరే పిలుస్తుంది, వాపు లోపలినుంచి పైకి వస్తుంది.

మరికొన్ని జబ్బుల్లో దాడి తీరు వేరుగా ఉంటుంది. పెంఫిగస్‌ వల్గారిస్‌లో శరీరం డెస్మోగ్లీన్‌-3 మీద యాంటీబాడీలు తయారుచేసుకుని కణాలను కణాల నుంచి విడదీస్తుంది. నోట్లో, అరుదుగా అన్నవాహికలో పొక్కులు చితికి పుండ్లవుతాయి. లైకెన్‌ ప్లానస్‌ ఎక్కువగా నడివయసు దాటిన ఆడవాళ్లలో అన్నవాహిక పైభాగాన్ని పట్టి సన్నబరుస్తుంది. దీర్ఘకాలంలో క్యాన్సర్‌ ముప్పు కూడా ఉంది కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి. ఇసినోఫిలిక్‌ జబ్బులో అలాంటి క్యాన్సర్‌ ముప్పు ఇంతవరకు కనిపించలేదు. 2006లో వర్ణించిన లింఫోసైటిక్‌ ఈసోఫజైటిస్‌లో ఇసినోఫిల్స్‌ బదులు లింఫోసైట్లు నిండి ఉంటాయి, ముద్ద మాత్రం అచ్చంగా అలాగే ఆగుతుంది. అది ఒక జబ్బా, చాలా జబ్బులకు ఉమ్మడి గుర్తా అన్న వాదన నడుస్తూనే ఉంది.

తిండి మాన్పించి చూస్తే

వైద్యానికి మూడు దారులున్నాయి: తిండి, మందు, గొట్టాన్ని వెడల్పు చేయడం. తిండి దారిలో అమైనో ఆమ్లాల పానీయం నూటికి తొంభై మంది దాకా రోగుల్లో పనిచేస్తుంది. దాని రుచితో, ఖర్చుతో వారాల తరబడి బతకడం పెద్దవాళ్లకు దుర్భరం. అందుకే 2006లో పిల్లల్లో, 2012లో పెద్దవాళ్లలో ఆరు రకాలు మాన్పించే పద్ధతి వచ్చింది: పాలు, గోధుమ, గుడ్డు, సోయా, వేరుశనగతో సహా గింజపప్పులు, చేపలూ రొయ్యలూ. పొర మానాక ఒక్కోటి తిరిగి చేర్చి, ప్రతిసారీ ఎండోస్కోపీ చేసి దోషిని పట్టుకుంటారు. ఎక్కువసార్లు దొరికే దోషి పాలు, తరవాత గోధుమ.

అయితే అన్నీ ఒకేసారి మానాలా? 2023లో 129 మంది పెద్దవాళ్ల మీద జరిగిన అమెరికా పరీక్ష దీనికి జవాబు వెతికింది. ఆరు మానేసినవాళ్లలో నూటికి 40 మందికి, ఒక్క పాలు మాత్రమే మానేసినవాళ్లలో 34 మందికి పొర శాంతించింది. ఆ తేడా లెక్కలోకి తీసుకునేంతది కాదు. అందుకే ముందు పాలతో మొదలుపెట్టి, పనిచేయకపోతే పెంచుకుంటూ పోయే పద్ధతికి మొగ్గు పెరిగింది.

మన వంటింట్లో పాలు మానడమంటే ఒక గ్లాసు పాలు పక్కన పెట్టడం కాదు. పెరుగు, మజ్జిగ, పన్నీరు, కోవా, టీలో పడే చెంచాడు పాలు అన్నీ ఆ కిందికే వస్తాయి. నెయ్యిలోనూ పాల ప్రొటీన్‌ జాడ ఉండొచ్చు. పెరుగన్నం లేనిదే భోజనం ముగియని ఇళ్లలో ఇది చిన్న త్యాగమేమీ కాదు. గోధుమ విషయంలో మాత్రం మనకు వెసులుబాటు ఉంది. వరి, జొన్న, రాగి, సజ్జ మన పళ్లెంలో ఎప్పటినుంచో ఉన్నవే. ఏదైనా పోషకాహార నిపుణుల అండతో, ముఖ్యంగా పిల్లల విషయంలో, కాల్షియం, ప్రొటీన్‌ తగ్గకుండా చేయాల్సిన పని.

మందులు, ఒక పొడుపుకథ

మొదటి మందు ఆశ్చర్యంగా ఆ గ్యాస్‌ ట్యాబ్లెట్‌ కుటుంబమే. ఒమెప్రజోల్‌ లాంటి మందులకు నూటికి నలభై యాభై మందిలో పొర మానుతుంది. యాసిడ్‌ తగ్గడమే దానికి కారణమనుకుని, ఒకప్పుడు వీటికి తగ్గినవాళ్లకు ఈ జబ్బు లేదని కొట్టేసేవారు. ఈ మందులు యాసిడ్‌తో సంబంధం లేకుండానే ఈయోటాక్సిన్‌-3 తయారీని అడ్డుకుంటాయని 2013లో ప్రయోగశాలలో తేలింది. 2018లో అంతర్జాతీయ నిపుణులు ఆ పాత నియమాన్ని ఎత్తేశారు.

రెండోది మింగే స్టెరాయిడ్‌. ఉబ్బసానికి పీల్చే ఫ్లూటికసోన్‌ను గొంతులోకి కొట్టుకుని మింగడం, బ్యుడెసొనైడ్‌ ద్రవాన్ని తేనె లాంటిదానితో చిక్కగా చేసి తాగడం ఏళ్లుగా డాక్టర్లు వాడుతున్న ఉపాయాలు. తాగాక అరగంట దాకా నీళ్లు కూడా ముట్టుకోకూడదు, మందు పొరను అంటిపెట్టుకుని ఉండాలి. నోట్లో కరిగే బ్యుడెసొనైడ్‌ బిళ్లకు 2018లో ఐరోపాలో, తాగే మందుకు 2024లో అమెరికాలో అనుమతి వచ్చింది. వీటితో ఫంగస్‌ పూత రావడం మామూలు దుష్ప్రభావం. మూడోది డుపిలుమాబ్‌ ఇంజెక్షన్‌. ఇంటర్‌ల్యూకిన్‌-4, 13 రెండిటి తలుపునూ ఒకేసారి మూసేస్తుంది. 24 వారాల పరీక్షలో మందు తీసుకున్నవాళ్లలో నూటికి 60 మందికి పొర శాంతించింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 5గురికే. మింగే కష్టమూ తగ్గింది. 2022 మేలో అమెరికా అనుమతినిచ్చింది, 2024లో ఏడాది వయసు పిల్లల దాకా విస్తరించింది.

ఇక పొడుపుకథ. ఇసినోఫిల్స్‌ను దాదాపు తుడిచిపెట్టే మందు బెన్రాలిజుమాబ్‌. ఇది ఇంటర్‌ల్యూకిన్‌-5 అందుకునే ద్వారం మీద కూర్చుని ఆ కణాలను చంపిస్తుంది. జబ్బుకు ఇసినోఫిలే మూలమైతే ఇంతకన్నా మంచి మందు ఉండకూడదు. 211 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. నూటికి 87 మందిలో పొరలో ఇసినోఫిల్స్‌ లక్ష్యానికి దిగువకు పడిపోయాయి, ఉత్తుత్తి మందు వర్గంలో 7గురిలోపే. మింగే కష్టం మాత్రం రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉంది. లెక్క తగ్గింది, ముద్ద దిగలేదు.

దీన్ని ఇంకో వైపు నుంచి బలపరిచే పరిశీలన 2016లోనే వచ్చింది. ఇసినోఫిలిక్‌ జబ్బు ఉన్న కుటుంబాల్లో, పొరలో ఆ కణాలు లేకుండానే అచ్చం అవే లక్షణాలతో, దాదాపు అవే జన్యు మార్పులతో ఉన్న రోగులను స్ట్రామన్‌ బృందం వర్ణించింది. రెండిటినీ కలిపి చదివితే ఇసినోఫిల్‌ను జబ్బు చిరునామాగా చూడటం సబబు, జబ్బు మూలంగా చూడటం తొందరపాటు. మూలం ఇంటర్‌ల్యూకిన్‌-13 దెబ్బకు సడలిన పొర, దాని కింద మచ్చపడ్డ గోడ. డుపిలుమాబ్‌ రోగికి తేడా తెచ్చిందీ, బెన్రాలిజుమాబ్‌ తేలేకపోయిందీ ఇందుకే కావచ్చు. ఆ రెండు పరీక్షలను ఒకదానితో ఒకటి నేరుగా పోల్చలేదన్న జాగ్రత్త ఉండాల్సిందే. అయినా మైక్రోస్కోప్‌ కింద ఒకసారికి కనిపించే మేరలో 15 ఇసినోఫిల్స్‌ అన్న గీతతోనే వైద్యం మొదలుపెట్టి, ఆ గీత దిగితే ముగించడం ఇక కుదరదు.

మచ్చపడి సన్నబడిన గొట్టానికి మందు ఒక్కటే చాలదు. బెలూన్‌తోనో, సన్నని గొట్టాలతోనో మెల్లగా, విడతలుగా వెడల్పు చేస్తారు. పొర చీలుతుందని ఒకప్పుడు భయపడేవారు, అనుభవం పెరిగాక ఆ భయం తగ్గింది. వెడల్పు చేయడం వల్ల ముద్ద దిగుతుంది, వాపు మాత్రం తగ్గదు. కాబట్టి రెండూ జోడీగా సాగాలి. మందు ఆపేస్తే చాలామందికి జబ్బు తిరగబెడుతుంది, రక్తపోటు మాత్రల్లా దీన్ని కూడా దీర్ఘకాల వ్యవహారంగానే చూడాలి.

మన దగ్గర

భారతదేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలంతగా కనిపించడం లేదు. యాసిడ్‌ లక్షణాలతో వచ్చినవాళ్లలో వెతికిన అధ్యయనాల్లో కొద్ది శాతం మందిలోనే దొరికింది. నిజంగా తక్కువేనా, తక్కువగా వెతుకుతున్నామా? రెండూ ఉండొచ్చు. హెలికోబ్యాక్టర్‌, నులిపురుగులు ఇంకా ఎక్కువగా ఉన్న దేశం మనది. మరోవైపు ఎండోస్కోపీ చేసినా, చూపుకు పొర బాగానే ఉంటే ముక్క తీయకుండా వదిలేయడం సర్వసాధారణం. ముక్క తీయకపోతే ఈ జబ్బు దొరకదు. రెండు చోట్ల నుంచి కనీసం ఆరు ముక్కలు తీయాలన్నది మార్గదర్శకాల మాట, ఎందుకంటే వాపు అంతటా ఒకేలా కాక అక్కడక్కడా ఉంటుంది. ఈలోగా పిల్లలు సిజేరియన్‌తో పుట్టడం, యాంటీబయోటిక్స్‌ తరచూ వాడటం మన దగ్గరా పెరుగుతున్నాయి. తెలంగాణలో కాన్పుల్లో సగానికి పైగా సిజేరియన్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ జబ్బు పేరు పిల్లల డాక్టర్‌ నోట వినిపించడంలో వింతేమీ లేదు. జబ్బు ఎక్కువగా ఉన్న చోట దాన్ని వెతికే అలవాటూ ఎక్కువ.

ఒక హెచ్చరిక కూడా అవసరం. మన దగ్గర నడివయసు దాటిన మనిషికి, ముఖ్యంగా పొగాకు అలవాటున్నవారికి, ముద్ద దిగకపోవడం కొత్తగా మొదలై, బరువు తగ్గుతూ ఉంటే ముందు తోసిపుచ్చాల్సింది అన్నవాహిక క్యాన్సర్‌ను. అలర్జీ అనుకుని పాలు మాని కూర్చోవడం అక్కడ ప్రాణాంతకం. వయసు ఏదైనా, ముద్ద పదేపదే ఆగుతోందంటే అది ఇంట్లో మాత్రలతో సర్దుకునే లక్షణం కాదు. ఎండోస్కోపీతో పాటు ముక్క పరీక్ష అడగాల్సిన లక్షణం.

ఇంకా తెగనివి

పిల్లల్లో మొదలైన వాపు ఎవరిలో మచ్చగా మారుతుందో, ఎవరిలో మారదో ముందే చెప్పే పరీక్ష ఇంకా రాలేదు. ఏ రోగికి తిండి, ఏ రోగికి స్టెరాయిడ్‌, ఎవరికి ఖరీదైన ఇంజెక్షన్‌ అన్నది ఇప్పటికీ ఎక్కువగా ప్రయత్నించి తేల్చుకునే వ్యవహారమే. ప్రతి మార్పుకూ ఎండోస్కోపీ చేయాల్సి రావడం రోగికి భారం. దారానికి కట్టిన స్పాంజి మాత్రను మింగించి వెనక్కి లాగి, దానికి అంటిన కణాలు పరీక్షించే పద్ధతులు ఈ భారాన్ని తగ్గించే ఆశ చూపుతున్నాయి.

ఇంతవరకు తేలినదాన్ని బట్టి చూస్తే వైద్యుడి ముందున్న ప్రశ్నలు మారాలి. ముక్కలో ఎన్ని కణాలున్నాయన్నదానితో పాటు పొర బిగువు తిరిగొచ్చిందా, గొట్టం సాగుతోందా, రోగి మామూలుగా తినగలుగుతున్నాడా అన్నవి అడగాలి. ఈ మూడింటికీ జవాబు అవునని వచ్చేదాకా, నివేదికలో సంఖ్య ఎంత తక్కువగా ఉన్నా వైద్యం పూర్తయినట్టు కాదు. రోగి వైపు నుంచి చేయాల్సింది ఒక్కటే: ఆలస్యం చేయకపోవడం. స్విట్జర్లాండ్‌ లెక్కలో 17కూ 71కీ మధ్య ఉన్న తేడా ఆ ఆలస్యానిదే.